ఏడాదిలో రంగు వస్తుంది... గీత రాదు!

శ్రీకాళహస్తి కలంకారీ అయివార్ల ఏడాది లెక్క

శ్రీకాళహస్తి : విజయదశమి దగ్గర పడుతుంటే ఆ ఇంటి పంచలో పాత ట్రంకుపెట్టె మూత తెరుచుకుంటుంది. అందులో నుంచి జానెడేసి గుడ్డముక్కలు బయటికి వస్తాయి. ఒక్కో ముక్క అంచున ఒక్కో పేరు రాసి వుంటుంది. నిరుటి విజయదశమి నాడు కలం పట్టిన పిల్లకాయలు మొట్టమొదట గీసిన గీతలవి. కొన్ని గీతలు వానపాముల్లా మెలికలు తిరిగి వుంటాయి. కొన్నిచోట్ల రంగు ఒక్కసారిగా కారిపోయి నల్లటి మరకగా మిగిలింది. పెద్ద అయివారు ఆ ముక్కలను చాప మీద వరుసగా పరుస్తారు. వాటి పక్కనే అవే చేతులు ఏడాది చివర వేసిన గుడ్డలను పెట్టి చాలాసేపు చూస్తారు.

"ఇది పిల్లకాయలకు మార్కులు వేసేందుకు కాదు. నాకు నేను వేసుకునేందుకు" అంటారాయన.

శ్రీకాళహస్తి పట్టణంలోనూ, చుట్టుపక్కలా చేత్తో కలంకారీ నేర్పేవాళ్లు నేటికీ వున్నారు. కొందరు శిక్షణ తరగతుల్లో నేర్పుతారు. కొందరు ఇంటి పంచలోనే నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని నేర్పుతారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు జిల్లాలో వున్న ఈ పట్టణానికి వాయులింగ క్షేత్రంగా ఎంత పేరుందో, కలంకారీ వూరుగానూ అంత పేరుంది. అయితే గుడ్డ కొనేవారికి దాని మీద బొమ్మ కనబడుతుందే గాని, ఆ బొమ్మ వేయడం నేర్పినవారి పాట్లు కనబడవు.

ఏడాది పొడుగునా నేర్పిన మీదట పిల్లలకు ఏం వచ్చింది? ఏం రాలేదు? రాకపోతే తప్పు ఎవరిది? ఈ ప్రశ్నలకు ముగ్గురు అయివార్లు దాపరికం లేకుండా జవాబులు చెప్పారు. వారిలో ఒకరు డెబ్బయ్యో పడి దాటిన పెద్దాయన. మరొకరు ఒకప్పుడు నేర్చుకోవడానికి వచ్చి ఇప్పుడు తానే నేర్పుతున్న గృహిణి. మూడోవారు ముప్పయి ఏళ్లు దాటని యువకుడు. పేర్లు వేస్తే తోటివాళ్లను చిన్నబుచ్చినట్లవుతుందని ముగ్గురూ వద్దన్నారు.

తొలి పాఠం బొగ్గుతోనే

బడిలో పలక, బలపం ఎలాగో కలంకారీలో కోరాగుడ్డ, చింతబొగ్గు అలాగ. సన్నని చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో గుడ్డ మీద ముందు లేతగా గీసుకోవాలి. తప్పు పోతే దులిపి మళ్లీ గీయవచ్చు. కలంతో నల్లరంగు పెట్టాక మాత్రం దులపడం, తుడవడం అనే మాట లేదు. పడిన గీత పడినట్లే.

అందుకే తొలి నెలల్లో బొమ్మల జోలికి పోనివ్వరు. నిలువు గీత, అడ్డగీత, చుక్కల వరుస, అంచు వెంట పాకే తీగ, ఆకు, తామర. ఇవి చేతికి వచ్చాక చిలుక, హంస, నెమలి. ఆ తరువాత మనిషి పాదం, అరచెయ్యి, కిరీటం. ముఖం చివర. ముఖంలోనూ కన్ను మరీ చివర.

"పిల్లకాయలు కృష్ణుడి బొమ్మ వేస్తామని ఆశగా వస్తారు. వాళ్ల చేత నెల రోజులు చుక్కలు పెట్టిస్తే ముఖం మాడ్చుకుంటారు" అన్నారు చిన్న అయివారు. నిరుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ముందుగానే బొమ్మలు ఇస్తే ఉత్సాహంగా నిలుస్తారు గదా అనుకున్నారు. కాగితం మీది బొమ్మను గుడ్డ మీదికి దించుకోనిచ్చారు. మూడో నెలకే అందరి గుడ్డల మీదా కృష్ణుడు, గోవులు, గోపికలు నిలబడ్డారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తల్లిదండ్రులు సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకున్నారు.

ఏడాది చివర ఆయన కాగితాలు తీసి లోపల పెట్టి, ఎవరికి వారుగా ఒక నెమలిని గీయమన్నారు. చేతులు ఆగిపోయాయి. మెడ ఎక్కడ వంచాలో, తోక ఎక్కడ విప్పాలో చాలామందికి తెలియలేదు. "వాళ్లకు దించుకోవడం వచ్చింది. గీయడం రాలేదు. ఆ తప్పు పిల్లకాయలది కాదు, నాది. మెప్పు కోసం తొందరపడ్డాను" అని ఒప్పుకున్నారాయన. ఈసారి చుక్కల నుంచే మొదలు పెడతానని చెప్పారు.

ఎవరి కలం వారే కట్టుకోవాలి

ఈ పనికి కలం అంగడిలో దొరకదు. వెదురుపుల్లను చెక్కి మొన తీర్చాలి. మొనకు కొంచెం పైన ఉన్నిపీచో, పాత గుడ్డపేలికో చుట్టి దారంతో బిగించాలి. దాన్ని రంగులో ముంచితే ఆ చుట్ట రంగును తాగి పట్టుకుంటుంది. వేళ్లతో మెల్లగా అదిమితే రంగు మొన దాకా జారుతుంది. సన్నని గీతకు వాడి మొన వున్న కలం ఒకటి, రంగు నింపడానికి మొద్దు మొన వున్న కలం ఒకటి కావాలి.

చెప్పడానికి ఇంతే. అయితే కిటుకంతా ఆ అదమడంలో వుంది. గట్టిగా నొక్కితే రంగు కారుతుంది. నొక్కకపోతే గీత మధ్యలో తెగుతుంది. ఎంత నొక్కాలో చెప్పడానికి తమ దగ్గర మాట లేదని ముగ్గురు అయివార్లూ అంటున్నారు. పక్కన కూర్చుని, అవసరమైతే పిల్ల చెయ్యి పట్టుకుని చూపించాల్సిందే.

పెద్ద అయివారి పంచలో కలం కట్టే పనిని తప్పించుకునే వీలు లేదు. ఆయన కట్టి యిచ్చిన కలంతో ఎంత అందంగా గీసినా లెక్కలోకి రాదు. "మా నాయన నాకు కలం కట్టి యివ్వలేదు. నేను కట్టిన కలాలు విరిచి పారేసేవాడు. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు నేను విరిచి పారేయను. విప్పి మళ్లీ కట్టమంటాను. నేర్పడంలో నేను నేర్చుకున్నది అదొక్కటే" అని నవ్వారాయన.

కుండ తెరిచే రోజు

పిల్లలకు బాగా నచ్చే పాఠం నల్లరంగు. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, మేకులు, బెల్లం, తాటిబెల్లం నీళ్లతో కలిపి కుండలో పోసి మూతపెట్టి వుంచుతారు. రెండు మూడు వారాలు అది పులుస్తుంది. మూత తీసిన రోజు వచ్చే వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు.

వడగట్టిన ఆ నీటిని మామూలు తెల్లగుడ్డ మీద పెడితే కాటుక నలుపు రాదు. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెట్టిన గుడ్డ మీద పెడితేనే నలుపు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుపనీరు ఒకదానితో ఒకటి కలిసి నల్లబడడమే అందుకు కారణం. గీసినప్పుడు లేతగా వున్న గీత చూస్తుండగానే చిక్కబడుతుంది. ఇది చూసిన పిల్లలు మంత్రం వేసినట్లు నోరు తెరుస్తారు.

ఎరుపు సంగతి ఇంకా విడ్డూరం. ఎరుపు కావలసిన చోట పిల్లలు పెట్టేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్లు. అది ఆరాక గుడ్డను పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు వంటి వేళ్లూ చెక్కలూ వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక పెట్టిన చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతాచోట్ల అంటిన రంగును పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెట్టి పోగొడతారు. పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటివి వాడతారు. నీలానికి నీలిమందు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. వేళ్లను వదిలి అంగడి ఎరుపుతో ఉడికించేవారు కూడా ఇప్పుడు వున్నారు.

ఇవన్నీ ఏడాదిలో వచ్చేస్తాయని అయివార్లు చెబుతున్నారు. దేవుళ్లకు నీలం, స్త్రీలకు పసుపుపచ్చ, రాక్షసులకు ఎరుపు, ఆంజనేయునికి ఆకుపచ్చ అనే పాత పద్ధతి కూడా నాలుగు రోజుల్లో వంటబడుతుంది. రంగు అనేది కొలత. ఎంత వేయాలో, ఎంతసేపు వుంచాలో చెప్పవచ్చు. పుస్తకంలో రాసుకోవచ్చు. గీతకు అలాంటి కొలత లేదు. అది కూర్చున్న కొద్దీ వచ్చేది.

పాలు పలచనైన రోజు

పాలు ఎందుకని పిల్లలందరూ అడుగుతారు. గేదెపాలలోని వెన్న గుడ్డ పోగులకు పట్టి, రంగును పక్కలకు పాకనివ్వదు. గట్టు బాగుంటే మడిలో నీళ్లు పక్క మడికి పోనట్లే ఇదీ. పాలు పలచనైతే గట్టు తెగినట్లే.

నిరుడు చలికాలంలో గృహిణి అయివారమ్మ పంచలో సరిగ్గా అదే జరిగింది. నేర్చుకునేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోని ఆమెకు గుడ్డ, కరక్కాయ, పాలు అన్నీ చేతి ఖర్చే. ఆ వారం ఇంట్లో ఇబ్బందిగా వుండి పాలలో నీళ్లు కాస్త ఎక్కువ కలిపారు. ఆ మాట పిల్లలకు చెప్పలేదు. మరునాడు వాళ్లు నాలుగు రోజులుగా బొగ్గుతో గీసుకున్న బొమ్మలకు కలం పెట్టారు. పెట్టిన గీత పెట్టినట్లే ఉబ్బిపోయింది. వేలి సందులు పూడిపోయాయి. హంస ముక్కు బాతు ముక్కయింది.

ఒక పిల్ల తన చెయ్యి పనికిరాదని ఏడవడం మొదలు పెట్టింది. "ఆ బిడ్డ ఏడుస్తుంటే నేను చెప్పకుండా వుండలేకపోయాను. చెయ్యి నీది బాగానే వుంది, పాలు నావి బాగాలేవు అని చెప్పేశాను. అయివారు తప్పు చేస్తే శిష్యులు తమ చేతిని అనుమానిస్తారు. అది అన్నిటికన్నా పెద్ద నష్టం" అన్నారామె.

చెడిన గుడ్డలను ఆమె పారేయలేదు. పంచలో దండెం మీద వేలాడదీశారు. కొత్తగా వచ్చినవారికి పాలు ఎందుకు కలపాలో చెప్పడానికి ఇప్పుడు అవే పాఠాలు.

నీళ్లుంటే ఎండ వుండదు, ఎండ వుంటే నీళ్లుండవు

కలంకారీకి కావలసిన రెండు పెట్టుబడులు డబ్బు పెట్టినా దొరికేవి కావు. ఒకటి పారే నీరు, రెండు మండే ఎండ. గుడ్డను ఒక్కసారి ఉతికితే సరిపోదు. గంజి పోవడానికి, పటిక ఎక్కువ పోవడానికి, రంగు తేలడానికి మళ్లీ మళ్లీ జాడించాలి. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన రంగు మళ్లీ అదే గుడ్డకు అంటుకుంటుంది. పారే నీళ్లయితే దాన్ని ఎత్తుకుపోతుంది. శ్రీకాళహస్తిని ఆనుకుని పారే స్వర్ణముఖి వల్లనే ఈ పని ఇక్కడ వేళ్లూనుకుందని పెద్దలు చెబుతారు.

స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే ఏరు కాదు. కార్తీకం వానలకు ఏరు వచ్చే రోజుల్లో మబ్బు పట్టి గుడ్డ ఆరదు. వైశాఖంలో నిప్పులు చెరిగే ఎండ వుంటుంది, ఏటిలో ఇసుక తప్ప ఏమీ వుండదు. అప్పుడు బోరు నీళ్లు, తొట్లు, బిందెలే గతి. ఉప్పు నీళ్లు పడిన బోరయితే రంగు మసకబారుతుంది.

అందుచేత ఏడాది పాఠాన్ని కేలండరు చూసి కాక, ఆకాశం చూసి నడపాల్సి వస్తున్నదని అయివార్లు అంటున్నారు. వానల్లో పంచలో కూర్చోబెట్టి గీతలు గీయించడం, ఏరు పారుతూ ఎండ కాసిన నాలుగు రోజుల్లో ఎరుపు పని ముగించడం, ఎండాకాలంలో పసుపు, నీలం నింపించడం. వానలు వెనక్కి పోతే పాఠమూ వెనక్కి పోతుంది. వ్యవసాయానికీ దీనికీ తేడా లేదని, నేర్చుకోవడానికి వచ్చే రైతుబిడ్డలు ఈ సంగతిని పట్నం పిల్లల కన్నా త్వరగా అర్థం చేసుకుంటారని పెద్ద అయివారి మాట.

1957 నాటి ముచ్చట

ఈ విద్య ఒకసారి ఇక్కడ ఆరిపోయే దశకు వచ్చింది. గుళ్లలో దేవుని వెనుక కట్టే తెరలకు, రథాల అలంకారానికి, కథ చెప్పేవారు చూపించే గుడ్డలకు గిరాకీ తగ్గిపోయి, వేసేవారు వేళ్ల మీద లెక్కపెట్టే స్థితి ఏర్పడింది. చేతిపనుల ఉద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

అంతకుముందు తండ్రి కొడుక్కి చెప్పేదిగా వున్న పని, ఆ తరువాత వాకిట్లోకి వచ్చిన ఎవరైనా నేర్చుకునే పనిగా మారింది. కులం అడ్డు తొలగింది. ఆడపిల్లలు వచ్చారు. నేడు శ్రీకాళహస్తిలో ఏ పంచలో తొంగిచూసినా కలం పట్టుకున్నది ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఈ వరుసలో వచ్చినవారే గృహిణి అయివారమ్మ కూడా.

ఈ మార్పు మంచిదే అయినా ఒక చిక్కు తెచ్చిందని పెద్ద అయివారు అంటున్నారు. ఇంట్లో పుట్టిన బిడ్డ పాకే వయసు నుంచే రంగుల మధ్య తిరుగుతుంది. పదేళ్లు వచ్చేసరికి గీత ఎలా నడుస్తుందో కంటికి తెలిసిపోతుంది. బయటి నుంచి వచ్చినవారికి ఆ పదేళ్లూ వుండవు. పదేళ్ల చూపును ఏడాదిలో ఇవ్వాలంటే ఎవరి తరమూ కాదు. "ఏడాది అనేది ఈ పనికి పునాది గుంత తవ్వడం లాంటిది. ఇల్లు కట్టడం ఆ తరువాత" అన్నారాయన.

అంచు దగ్గర ఆగిపోతున్న చేతులు

ఏడాది దాటి నిలిచేవారు ఎందరు అనేదే అసలు సమస్య. చేరినవారందరూ చివరి వరకూ వుండరు. మాఘమాసం ముహూర్తాలకు కొందరు ఆడపిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోతారు. మగపిల్లలు తిరుపతికో, శ్రీసిటీ ఫ్యాక్టరీలకో బస్సెక్కుతారు. నెల తిరిగేసరికి చేతికి జీతం వచ్చే పని వుండగా చుక్కలు పెడుతూ కూర్చోమని ఏ తల్లి మాత్రం చెప్పగలదు?

అయివారమ్మ ఇందుకొక మార్గం వేశారు. అయిదో నెల నుంచే తనకు వచ్చే చీరల పనిలో అంచులు గీయడం, రంగు నింపడం పిల్లలకు ఇచ్చి కూలి కట్టి యిచ్చారు. సంపాదన చూశాక ఇంట్లోవాళ్లు మానిపించడం తగ్గింది. అయితే ఏడాది చివర మరో సంగతి బయటపడింది. అంచుతో నాలుగు డబ్బులు వస్తున్న పిల్లలు పాదాలు, చేతులు, ముఖాలు నేర్చుకోవడానికి కూర్చోవడం లేదు. ఆ పూట కూలి పోతుందన్న భయం.

"మాన్పించకుండా ఆపానని సంతోషపడ్డాను. కాని వాళ్లు అంచు దగ్గర ఆగిపోయారు. రామాయణం గుడ్డ ఇస్తే నడుమ పట్టాభిషేకం ఎవరు వేస్తారు? చుట్టూ గళ్లలో కథ ఎవరు నడుపుతారు? బొమ్మ కింద తెలుగులో కథ రాయడం కూడా మా పనిలో భాగమే. అది రాసేవాళ్లేరి?" అని ఆమె అడుగుతున్నారు. కూలి ఇవ్వడం తప్పని తాను అనడం లేదనీ, వారానికి రెండు పూటలు మాత్రం కూలి పని ఆపి గీత పని చేయించాలనీ, ఆ రెండు పూటలకు కూలి ఇచ్చే స్తోమత మాత్రం తనకు లేదనీ ఆమె చెప్పారు.

పాతరోజుల్లో ఈ చిక్కుకు మరో పరిష్కారం వుండేదని పెద్ద అయివారు గుర్తు చేశారు. శిష్యుడు గురువు ఇంట్లోనే తినేవాడు, ఇంటిపని చేసేవాడు. పని వచ్చేదాకా కడుపుకు లోటుండేది కాదు. ఇప్పుడు ఆ పద్ధతి ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. దాని స్థానంలో మరొకటి రాలేదన్నదే ఆయన బాధ. శిక్షణ కాలంలో భృతి ఇచ్చి, శిక్షణ ముగియగానే ఆపేస్తే, సరిగ్గా గీత కుదురుకునే వేళకు పిల్ల చేతిలో నుంచి కలం జారిపోతుందంటున్నారు. మొదటి ఏడాది కన్నా రెండో ఏడాదికే సాయం ముఖ్యమన్నది ముగ్గురి ఏకాభిప్రాయం.

మిషను గుడ్డతో పోటీ

ఇదిలా వుండగా, మిషను మీద అచ్చయిన గుడ్డలు కలంకారీ పేరుతోనే అంగళ్లలో అమ్ముడవుతున్నాయి. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేసేది కూడా కలంకారీయే. అది వేరే పద్ధతి, దానికీ చేతి నేర్పు కావాలి. వారితో తమకు పేచీ లేదని అయివార్లు అంటున్నారు. పేచీ అంతా చేతి గీతలను ఫొటో తీసి, అచ్చు కొట్టి, చేతిపని అని చెప్పే గుడ్డలతోనే. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వున్నప్పటికీ, కొనేవారికి తేడా తెలియకపోతే ఆ గుర్తింపు కాగితానికే పరిమితమవుతుంది.

తేడా కనిపెట్టడం కష్టం కాదని చిన్న అయివారు చెబుతున్నారు. చేత్తో గీసిన గుడ్డలో ఒకే పువ్వు పదిసార్లు వస్తే పది పువ్వులూ పది రకాలుగా వుంటాయి. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తుంది. కలం రంగులో ముంచి తీసిన చోటు తెలుస్తుంది. అచ్చు గుడ్డలో పువ్వులన్నీ ఒకే తల్లి కవల పిల్లల్లా వుంటాయి.

ఈ పాఠాన్ని ఆయన ఇప్పుడు శిష్యులకే కాక, శివరాత్రి బ్రహ్మోత్సవాలకు వచ్చి గుడ్డలు బేరమాడే యాత్రికులకు కూడా చెబుతున్నారు. కొనకపోయినా ఫర్వాలేదు, తెలుసుకుని పోతే చాలునంటారు.

కన్ను పెట్టిన రోజు

లోటుపాట్లు ఎన్ని వున్నా ఏడాది వట్టిపోలేదని ట్రంకుపెట్టెలోని గుడ్డలు చెబుతున్నాయి. పెద్ద అయివారి పంచలో ఒక ఆడపిల్ల వుంది. నిరుటి విజయదశమి నాడు ఆమె గీసిన గీత జానెడు పొడవున నాలుగుచోట్ల తెగింది. కూలికి పోయే తల్లి ఆమెను మానిపిస్తానని రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చిన రోజున ఆ పిల్ల సీతమ్మ ముఖానికి కన్ను పెడుతూ వుంది. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందు పైరెప్ప ఒకే ఊపులో సాగింది. తరువాత కిందిరెప్ప. చివర నల్లగుడ్డు. అప్పటిదాకా గుడ్డ మీద రంగుగా వున్న బొమ్మ చూడడం మొదలు పెట్టింది.

తల్లి ఏమీ అనకుండా కాసేపు కూర్చుంది. "ఈ ఏడు పోనీలే అయివారూ, ఇంకొక ఏడు కూడా వుండనీ" అని చెప్పి వెళ్లిపోయిందట. ఆ పిల్ల గీత ఇంకా నిలకడకు రాలేదని, మూడు నాలుగేళ్లు కూర్చుంటే వస్తుందని అయివారు అన్నారు. అప్పటిదాకా ఆ ఇల్లు ఓర్చుకోగలదా అన్నదే ఆయన దిగులు.

పెట్టెలో మధ్యలో మానేసినవారి గుడ్డలు కూడా భద్రంగా వున్నాయి. పెళ్లయి వెళ్లినవారివి, ఫ్యాక్టరీకి పోయినవారివి, చెప్పకుండా రావడం మానేసినవారివి. అవి ఇంకా ఎందుకని అడిగితే ఆయన వాటిని మడతపెడుతూ చెప్పారు : "ఎన్నేళ్లకో ఒకరు తిరిగి వస్తారు. బిడ్డను చంకనేసుకుని వచ్చినవాళ్లు వున్నారు. వస్తే ఎక్కడ ఆపారో చూపించాలి గదా! అక్కడి నుంచే మొదలు పెట్టిస్తాను."

విజయదశమికి కొత్త పిల్లకాయలు వస్తారు. వారి కోసం కోరాగుడ్డ ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ పాలలో ముంచి పంచలో దండెం మీద ఆరవేసి వుంది. ఈసారి పాలు చిక్కగానే కలిపారు.